సమాధుల మధ్య షికారు అపచారం కాదు, ఆసరా

వేసవిలో పిల్లల దగ్గరికి అట్లాంటా వెళ్లే తల్లిదండ్రులకు ఏమేం చూపించాలో ఆ జాబితా ఎప్పుడో ఖరారైపోయింది. అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, స్టోన్ మౌంటెన్, మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, ఆదివారం పూట ఒక గుడి. ఆ కింగ్ ఇంటికి దగ్గర్లోనే 48 ఎకరాల ఓక్‌లాండ్ శ్మశానం ఉంది. చుట్టుపక్కల జనం కుక్కపిల్లల్ని పట్టుకుని, చంటిపిల్లల బండ్లు తోసుకుంటూ సాయంత్రం నడకకు వెళ్లేది అందులోకే. మనవాళ్లు మాత్రం కారు అద్దం కూడా దించరు. ‘శ్మశానానికి షికారేమిటి, ఇంటికెళ్లి తలస్నానం చేయాలి’ అనేస్తారు.

వెళ్లాలనే నేనంటాను. చరిత్ర తెలుసుకోవడానికనో, ప్రముఖుల సమాధులు చూడటానికనో సాకులు వెతుక్కోనక్కర్లేదు. చెట్లూ పూలూ బాగున్నాయి, నడవడానికి హాయిగా ఉంది అన్న ఒక్క కారణం చాలు. ఇంకో మాట కూడా చెబుతాను. ఆ శ్మశానం ఈరోజుకీ చెక్కుచెదరకుండా ఉందంటే అది హాయిగా తిరగడానికి వచ్చినవాళ్ల పుణ్యమే. ఏడవడానికి వచ్చినవాళ్ల వంశాలు ఎప్పుడో అక్కడికి రావడం మానేశాయి.

అసలు ఈ రకం శ్మశానాలు పుట్టిందే నడక కోసం. 19వ శతాబ్దం మొదట్లో అమెరికా పట్టణాల్లో చర్చి ఆవరణలు శవాల మీద శవాలతో కిక్కిరిసిపోయాయి. దుర్వాసన, రోగాల భయం. ఊరి బయట గుట్టలూ చెట్లూ ఉన్న స్థలం కొని, మెలికలు తిరిగే బాటలు వేసి, చెరువులు పెట్టి, అక్కడ పాతిపెడదామన్న ఆలోచన అప్పుడొచ్చింది. 1831లో బోస్టన్ దగ్గర మౌంట్ ఆబర్న్ అలా మొదలైంది. దాని వెనక ఉన్నది చర్చి కాదు, మొక్కలు పెంచేవాళ్ల ఉద్యాన సంఘం. తర్వాత ఫిలడెల్ఫియాలో లారెల్ హిల్, న్యూయార్క్‌లో గ్రీన్‌వుడ్ వచ్చాయి. 1848లో ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఒక్క లారెల్ హిల్‌కే దాదాపు 30 వేల మంది వచ్చారని ఆనాటి పేరున్న ఉద్యాన నిపుణుడు ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ లెక్క చెప్పాడు. అంతమందీ దినాలు చేయడానికి వచ్చినవాళ్లు కాదు కదా! సమాధుల మధ్య తిరగడానికే ఇంత జనం వస్తుంటే, ఊరందరికీ ఒక తోట వేస్తే రారా అని డౌనింగ్ గట్టిగా అడిగాడు. పదేళ్లు తిరిగేసరికి, 1858లో, న్యూయార్క్ సెంట్రల్ పార్కు నమూనా ఖరారైంది. శ్మశానాన్ని పార్కులా వాడుకుంటున్నారని ఈ తరాన్ని తప్పుపట్టేవాళ్లు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. పార్కే శ్మశానం దగ్గర పాఠం నేర్చుకుంది.

ఈ గాలి అమెరికా దక్షిణాదికీ త్వరగానే తగిలింది. రిచ్‌మండ్‌లో 1847లో హాలీవుడ్ శ్మశానం మొదలైంది. (సినిమాల హాలీవుడ్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు, అది పుట్టక చాలా ముందే ఇది ఉంది.) చార్లెస్టన్‌లో 1850లో మాగ్నోలియా వచ్చింది. అదే ఏడాది అట్లాంటా నగరం ఊరి బయట 6 ఎకరాలు కొంది. అంతర్యుద్ధం వచ్చి శవాల వరద మొదలయ్యాక అది 48 ఎకరాలైంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల తరఫున పోరాడిన కాన్ఫెడరేట్ సైనికులు దాదాపు 7 వేల మంది అక్కడున్నారు. 1864 జులై 22న అట్లాంటా యుద్ధాన్ని కాన్ఫెడరేట్ సేనాని జనరల్ హుడ్ అక్కడి గుట్ట మీదున్న ఇంటి నుంచే చూశాడు. ఆ యుద్ధం కథలోకి ఇక్కడ వెళ్లను.

లోపల ఏముందో చెప్పాలి. ఇటుకలు పరిచిన బాటలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గడి, చుట్టూ మోకాలి ఎత్తు రాతి అంచు, ఎక్కడానికి రెండు మెట్లు, మెట్టు మీద ఇంటిపేరు. కొన్ని సమాధులకు తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి, రెంటినీ కలుపుతూ పక్కరాళ్లు ఉంటాయి. చూడటానికి అచ్చం మంచంలా ఉంటుంది, మధ్యలో మట్టి నింపి పూలమొక్కలు పెడతారు. సమాధిని తొట్టిలా చెక్కించడంలోనే ఇక్కడ ఏదో ఒకటి పూస్తూ ఉండాలన్న కోరిక ఉంది. పసిపిల్లల సమాధి మీద పాలరాతి గొర్రెపిల్ల, నడివయసులో పోయినవాళ్లకు సగంలో విరిగిన స్తంభం. బాటలకు నీడగా ఓక్ చెట్లు, మాగ్నోలియాలు, ఎండాకాలమంతా పూసే క్రేప్ మర్టల్ చెట్లు. ఆ చివరిది అమెరికా దక్షిణాది గుర్తుగా పేరు పడిపోయింది గానీ దాని సొంతూరు మన ఆసియాయే. గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ సమాధి ఆడంబరం లేని చిన్న రాయి. వచ్చినవాళ్లు పూలకు బదులు గోల్ఫ్ బంతులు పెట్టి వెళ్తారు. వాన తడికి మాసిన తెల్ల బంతులు రాయి కింద వరసగా పడి ఉంటాయి. దాన్ని అగౌరవం అనడానికి నాకైతే నోరు రాదు.

అగౌరవం అనేవాళ్లు ఉన్నారు. అయినవాళ్లను పోగొట్టుకున్న చోట జాగింగ్ ఏమిటి, సెల్ఫీలేమిటి, హాలోవీన్‌కు టికెట్ పెట్టి టూర్లేమిటి అంటారు. శవాన్ని పాతిపెట్టిన వారానికే పక్కన ఎవరో పకపకా నవ్వుతూ పోతే ఆ ఇంటివాళ్లకు కష్టంగానే ఉంటుంది, కాదనను. కానీ ఓక్‌లాండ్‌లో స్థలాలు 1884 నాటికే అమ్ముడైపోయాయి. ఇప్పుడక్కడ అంత్యక్రియలు అరుదు. ఇక మన మైల సంగతంటారా, నెక్లెస్ రోడ్డుకు వెళ్లినవాళ్లు ఎన్టీఆర్ ఘాట్‌లో పచ్చిక మీద కూర్చుని, ఫొటోలు దిగి, బయట ఐస్‌క్రీం తిని ఇంటికొస్తారు. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి పులిహోర డబ్బాలతో వెళ్తారు. ఎవరూ తలస్నానం చేసిన దాఖలా లేదు. రాజులకూ నాయకులకూ లేని మైల మామూలు మనుషుల సమాధులకే అంటుతుందా?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. శ్మశానం ఆర్థికంగా చాలా బలహీనమైన సంస్థ. స్థలం అమ్మినంతకాలమే ఆదాయం. చివరి గడి అమ్ముడైన రోజు నుంచి ఖర్చే తప్ప రాబడి లేదు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక రియల్టర్ ఫోన్ ఎత్తని మన వెంచర్ల పరిస్థితే. మొదటి తరం వారసులు వచ్చి గడ్డి తీస్తారు, రెండో తరం పండగకు వస్తుంది, మూడో తరం వేరే ఊళ్లో ఉంటుంది. ఓక్‌లాండ్‌కూ అదే జరిగింది. 20వ శతాబ్దం నడిమికల్లా రాళ్లు ఒరిగిపోయి, కలుపు పెరిగి, ఎవరికీ పట్టని చోటుగా మారింది. దాన్ని లేపింది 1976లో ఏర్పడిన హిస్టారిక్ ఓక్‌లాండ్ ఫౌండేషన్. స్థలం నగరపాలక సంస్థదే. తోటపని, రాళ్ల మరమ్మతు, టూర్లు నడపడం ఫౌండేషన్ వంతు. 2008 మార్చిలో సుడిగాలి వచ్చి పెద్ద పెద్ద చెట్లను సమాధుల మీద కూల్చేసినా మళ్లీ నిలబెట్టారు. వాలంటీర్లు ఎక్కడి నుంచి వచ్చారనుకుంటున్నారు? నడకకు వచ్చినవాళ్లలోంచే. చందాలూ టూర్ టికెట్లూ అంతే. తమకేమీ కాని వాళ్ల సమాధి చుట్టూ కలుపు తీయడానికి వారాంతంలో ఒక మనిషి వచ్చాడంటే, అంతకు ముందు అతను ఎన్నోసార్లు ఆ చెట్ల కింద ఊరికే తిరిగి ఉంటాడు. భక్తితో ఏడాదికోసారి వచ్చేవాడు దండం పెట్టి పోతాడు. అలవాటుగా రోజూ వచ్చేవాడికే ఏ రాయి పగిలిందో, ఏ కొమ్మ ఎండిందో తెలుస్తుంది. మన ఊళ్లలో క్రైస్తవులు నవంబరు 2న సమాధుల పండుగకు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఒక్కరోజు ఆ తోట ఎంత బాగుంటుందో! నవంబరు 20కి వెళ్లి చూడండి.

అందం కోసమే వెళ్లమంటున్నాను గానీ అందం దగ్గరే ఆగిపొమ్మనడం లేదు. ఓక్‌లాండ్‌లో అందంగా ఉన్నదంతా కొనగలిగినవాళ్లది. బానిసలుగా బతికినవాళ్లను మొదట్లో వేరే మూలన పాతిపెట్టేవారు. తెల్లవాళ్లకు జాగా కావాల్సి వచ్చి 1877లో సిటీ కౌన్సిల్ ఆ సమాధులను తవ్వించింది. ఎముకలను నల్లవాళ్లకు కేటాయించిన భాగానికి తరలించి, ఖాళీ అయిన జాగా అమ్ముకుంది. ఆ భాగంలో 12 వేల మందికి పైగా ఉన్నారు. చెక్క గుర్తులు చివికిపోయాక చాలామందికి ఆనవాలే లేకుండా పోయింది. భూమి లోపల ఏముందో పసిగట్టే రాడార్‌తో వెతికితే గుర్తులేని సమాధులు 800కు పైగా బయటపడ్డాయి. ఆ భాగం బాగుచేత 2022లో గానీ పూర్తి కాలేదు. బానిసగా పుట్టి, అనాథ పిల్లలకు ఆశ్రమం కట్టిన క్యారీ స్టీల్ లోగన్ సమాధి అక్కడే ఉంది, అనాథల తల్లి అని రాతి మీద చెక్కి ఉంటుంది. ఇక దిక్కులేనివాళ్ల మైదానంలో 7 వేల మందికి పైగా ఉన్నారు. అక్కడ రాయి లేదు, పేరు లేదు, ఉత్త పచ్చిక. నడకకు వెళ్లినవాడి కాలు అటూ పడుతుంది. టూరిస్టు బస్సు దిగి ప్రముఖుల సమాధుల దగ్గర ఫొటో దిగి వెళ్లేవాడికి ఆ పచ్చిక కనిపించే అవకాశమే లేదు. ఎవరి శవం ఏ దారిన కాటికి పోవాలో ఇప్పటికీ కులమే నిర్ణయించే ఊళ్లున్న మనకు దీనిమీద పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటాను.

ఆ అందం వెనక కాన్ఫెడరేట్ మోజు దాగి ఉందనే విమర్శకూ ఇక్కడే జవాబుంది. పేరు తెలియని సైనికుల సమాధుల దగ్గర 1894లో పెట్టిన పాలరాతి సింహాన్ని 2021లో నగరం తీయించింది. దక్షిణాది యుద్ధ స్మారకాల మీద జరిగిన గొడవలు ఆ గేటు దాకా వచ్చి, లోపలికీ వెళ్లాయి. శ్మశానం మాత్రం మూతపడలేదు. అట్లాంటాకు తొలి నల్లజాతి మేయరైన మేనార్డ్ జాక్సన్‌నూ 2003లో అక్కడే పాతిపెట్టారు. జనం తిరిగే చోట ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న తగువు సాగుతూనే ఉంటుంది. జనం రాని చోట తగువు పడే నాథుడే ఉండడు.

అట్లాంటా నుంచి నాలుగు గంటలు కారులో వెళ్తే సవానా. అక్కడ నది ఒడ్డున బొనావెంచర్ ఉంది. ఓక్ కొమ్మల నుంచి నెరిసిన గడ్డంలా నాచు వేలాడుతూ ఉంటుంది. ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ 1867లో కాలినడకన దక్షిణాదికి వచ్చి, ఇంటి నుంచి డబ్బు అందక చేతిలో ఉన్నది దాదాపు అయిపోయిన స్థితిలో కొన్ని రాత్రులు అక్కడే సమాధుల మధ్య పడుకున్నాడు. అక్కడ చావు కంటే పక్షులూ చెట్లూ పురుగులే తనకు ఎక్కువ కనిపించాయని రాసుకున్నాడు. చావంటే భయమే అని పిల్లలకు నూరిపోయడం తప్పనీ అన్నాడు. కవి కాన్రాడ్ ఐకెన్ సమాధి కూడా అక్కడే ఉంది. సమాధి రాయికి బదులు బెంచీ పెట్టించుకున్నాడాయన, వచ్చినవాళ్లు కూర్చోవడానికి. ఇంకెంత బాహాటంగా పిలవాలి మనల్ని?

ఇదంతా చదువుతూ అమెరికావాళ్లకు డబ్బుంది, చేసుకుంటారు అనుకుంటే పొరపాటు. డబ్బు మనమూ పెట్టాం. తెలంగాణలో 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. పల్లె ప్రగతిలో ఊరూరా ఒక వైకుంఠధామం, ఒక పల్లె ప్రకృతి వనం పెట్టాలనుకున్నారు. ఆలోచన గొప్పది, నేను మెచ్చుకున్నాను కూడా. దహనవాటికకు షెడ్డు, స్నానాల గదులు, గేటుకు ఆర్చి వచ్చాయి. వనానికి కంచె, నడక బాట, బోర్డు వచ్చాయి. నీళ్లు పోసేవాళ్లు లేక మొక్కలు ఎండిపోయిన వనాల గురించీ, తుప్పల్లో మునిగిపోయిన వైకుంఠధామాల గురించీ జిల్లా పేజీల్లో వార్తలు మనకు కొత్త కాదు. ఆంధ్రలోనూ పార్కు ప్రారంభానికి మంత్రి వస్తారు, ఆర్నెల్లకు ఊయల గొలుసు తెగితే వార్డు ఆఫీసులో అడిగే దిక్కుండదు. మన ప్రభుత్వాలకు కట్టడం ఒక పథకం, చూసుకోవడం ఎవరి పథకమూ కాదు. శిలాఫలకం మీద పేరు వేయించుకోవడానికి పోటీ పడేవాళ్లలో ఒక్కరైనా మొక్కలకు నీళ్లు పోసే మనిషి జీతం గురించి అసెంబ్లీలో మాట్లాడగా విన్నామా? ఓక్‌లాండ్‌ను గొప్పగా నిలిపింది విగ్రహాలు కాదు, ఏళ్ల తరబడి అదే గడిలో కత్తెర పట్టుకుని వంగిన తోటమాలులు.

చితీ చెట్టూ ఒకచోట ఉండకూడదని మనకెవరూ చెప్పలేదు. ఒకే ఊళ్లో, ఒకే పథకంలో, ఒకే ఏడాది రెండింటికీ వేర్వేరుగా స్థలాలు వెతికిన అధికారులకు రెంటినీ పక్కపక్కన పెడదామని ఎందుకు తట్టలేదో నాకర్థం కాదు. పక్కపక్కన ఉంటే ఒకే కంచె, ఒకే బోరు, ఒకే తోటమాలి సరిపోయేవాడు. పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషులు కాటి గోడ పగిలితే ఆ రోజే సర్పంచికి చెప్పేవారు. ఇంకా స్థలాలు చూస్తున్న పంచాయతీలూ మున్సిపాలిటీలూ అయినా ఈ రెంటినీ కలిపి చూడాలి. ఆర్చి డిజైన్ గీయించే ముందే, తోటమాలి జీతం ఏ పద్దు కింద, ఎన్నేళ్లపాటు ఇస్తారో తీర్మానంలో రాసి పెట్టాలి.