బగ్ ట్రాకర్ గారికి బహిరంగ విన్నపం

సాఫ్ట్‌వేర్ లోపాల (బగ్గుల) ఫిర్యాదులు స్వీకరించే మహారాజశ్రీ బగ్ ట్రాకర్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ బగ్గులన్నీ కులాసా. తమరు మూసేసినవి మరీ కులాసా.

కదలిక లేని రిపోర్టులను తనంతట తానే మూసేసే తమ స్టేల్ బాట్ హస్తవాసి గొప్పది. ప్రాజెక్టులు కోడు దాచుకునే గిట్‌హబ్‌లో వాడే దాని డిఫాల్టు లెక్క చూడండి: 60 రోజులు ఎవరూ పలకకపోతే రిపోర్టు నుదుట చీటీ, ఇంకో 7 రోజులకు తలుపు మూత. రోగిని ముట్టుకోకుండానే 67 రోజుల్లో నయం!

అందుకే చిన్న అవిధేయత తలపెట్టాం. ఇకపై రిపోర్టు అసలు ప్రతి మా సొంత సైటులో ఉంటుంది, తమకు నకలు వస్తుంది. తమ వంశంలో ఆయుష్షు తక్కువని విన్నాం. గిట్‌హబ్ లాంటిదే అయిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. బిట్‌బకెట్ 2020లో మెర్క్యురియల్ అనే పనిముట్టుతో నడిచే రిపోజిటరీలను (కోడు గాదెలను) తీసేసినప్పుడు వాటిలోని ఇష్యూలకూ, అంటే బగ్గు రిపోర్టులకూ, నూకలు చెల్లాయి.

పద్ధతి ఇదీ. ఒక్కో బగ్గుకు ఒక్కో పేజీ, మారని చిరునామా. ‘ఎక్స్‌పోర్ట్ పనిచేయట్లేదు’ అన్నది శీర్షిక కాదు, ఏడుపు. ‘పేరులో ఖాళీ ఉన్న ఫోల్డరులోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైలు 0 బైట్లు వస్తోంది’ అన్నది శీర్షిక. కింద వెర్షను, ఆపరేటింగ్ సిస్టమ్, బగ్గును మళ్ళీ రప్పించే మెట్లు, రావలసింది, వచ్చింది. లాగ్‌ను (ప్రోగ్రాము తన పని గురించి రాసుకునే చిట్టాను) అక్షరాలుగానే పెట్టాలి. స్క్రీన్‌షాట్‌లోని ఎర్రర్‌ను వెతికి పట్టుకోవడం ఎవరి తరం? పేజీకి హెచ్-ఎంట్రీ గుర్తులు (ఇదొక పోస్టని యంత్రాలకు చెప్పేవి) పెట్టి, ప్రాజెక్టు ఇష్యూల పేజీకి యు-ఇన్-రిప్లై-టు లంకె (ఇది దేనికి జవాబో చెప్పేది) వేస్తాం.

తరువాత తమ పెట్టెలో మొత్తం పాఠం అతికిస్తాం. లంకె ఒక్కటే పడేసి పోతే ప్రాజెక్టును చూసుకునే మెయింటైనరు దాన్ని స్పామ్ అనుకుంటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. అడుగున అసలు ప్రతి చిరునామా ఇస్తాం. తమరిచ్చిన టికెట్ లంకెను మా పేజీలో యు-సిండికేషన్‌గా (నకలు ఎక్కడుందో చెప్పే గుర్తుగా) రాసుకుంటాం. ఈ చివరి మెట్టే అందరూ మరిచేది; ఆరు నెలలకు ఏ నకలు ఎక్కడుందో తెలియక తల పట్టుకునేదీ అందుకే.

‘నీ పేజీకి లంకె వేశాను’ అని ఒక సైటు మరో సైటుకు కబురు పెట్టే వెబ్‌మెన్షన్ 2017 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం. సోర్స్ (లంకె ఉన్న పేజీ), టార్గెట్ (లంకె చేరే పేజీ) అని రెండే విలువలు పంపితే చాలు. తమకు ఆ వినికిడి లేదు కాబట్టి, గిట్‌హబ్ దగ్గర బ్రిడ్జీ అనే సేవ దుబాసీగా నిలబడింది: పేజీని ఇష్యూగా వేస్తుంది, అక్కడి జవాబులను వెబ్‌మెన్షన్లుగా తిరిగి మోసుకొస్తుంది.

మా వైపు లోపాలూ ఒప్పుకుంటాం. లాగ్‌లో టోకెన్లు (ఖాతాకు తాళంచెవిలాంటి రహస్య సంకేతాలు), కుకీలు, హోమ్ ఫోల్డరు దారిలో మన యూజర్ పేరు దాక్కుని ఉంటాయి; ప్రచురించే ముందే తుడవాలి. బయటపడ్డ టోకెన్‌ను పేజీలో చెరిపితే సరిపోదు, రద్దు చేయాలి. ఇక భద్రతా లోపమైతే సొంత సైటు ముందు అన్న సూత్రాన్ని అటకెక్కించాల్సిందే: లోపాలు ఎవరికి చెప్పాలో రాసి ఉంచే ప్రాజెక్టు సెక్యూరిటీ.టీఎక్స్‌టీ ఫైలులో (దాని ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9116) ఇచ్చిన చిరునామాకు గుట్టుగా చెప్పి, సరిదిద్దాకే పేజీ. డొమైన్ రెన్యూవల్ మరిచామా, తమకంటే ముందు మేమే అంతర్ధానం.

ఇట్లు,
తమ మూసివేతల బాధిత సంఘం

తా.క.: దీన్ని డూప్లికేట్ అని మూసేయదలిస్తే, దేనికి డూప్లికేటో ఆ నంబరు కూడా వేయవలెను.