తీర్పు చెప్పని నవలలు టీనేజర్లకు ఎందుకు కావాలి

లైంగిక దాడికి గురైన అమ్మాయి ఆ సంగతి వెంటనే ఎవరికీ ఎందుకు చెప్పుకోదు? పిల్లలపై లైంగిక దాడులను శిక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చాక మన బడుల్లో ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠాలు చెబుతున్నారు, పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరును గోడల మీద రాయిస్తున్నారు, ఆపద వస్తే పెద్దవాళ్లకు చెప్పాలని పిల్లలకు నేర్పుతున్నారు. ఇవన్నీ అవసరమే. కానీ చెప్పాలని తెలిసిన పిల్ల కూడా నెలల తరబడి నోరు విప్పకపోతే, ఆ మౌనం వెనుక ఏముందో గంటసేపటి పాఠంలో ఇమడదు. అది తెలియాలంటే ఆ పిల్ల ఆలోచనల్లో కొన్ని రోజులపాటు మసలాలి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం వచ్చే యంగ్ అడల్ట్ నవలలు, వాటిలో మంచివి, ఈ పని చేయగలవు. ఏది తప్పో ఏది ఒప్పో ముందే తేల్చి చెప్పకుండా, తేల్చుకోవడానికి కావలసిన వ్యవధిని అవి పాఠకులకు ఇస్తాయి.

అమెరికన్ రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో వెలువరించిన ‘స్పీక్’నే తీసుకుందాం. తొమ్మిదో తరగతిలో చేరిన మెలిండాతో బడిలో ఎవరూ మాట్లాడరు. వేసవిలో జరిగిన ఒక పార్టీకి పోలీసులను పిలిచింది ఆమేనని అందరికీ తెలుసు, ఎందుకు పిలిచిందని మాత్రం ఎవరూ అడగరు. కథ చెబుతున్నది మెలిండాయే అయినా, జరిగిందేమిటో ఆమె చాలా పేజీల వరకు మనకు కూడా చెప్పదు. దాడి చేసినవాడి పేరు తలచుకోవడానికి మనసొప్పక, వాడిని లోలోపల ‘ఇట్’ అనుకుంటుంది. పెదవులు పుండ్లయ్యేలా కొరుక్కుంటుంది, మార్కులు పడిపోతాయి, ఎవరూ వాడని ఒక సామాన్ల గదిలో దాక్కోవడం మొదలుపెడుతుంది. ఇంట్లోవాళ్లకూ టీచర్లకూ ఇదంతా మొండితనంగా, సోమరితనంగా కనిపిస్తుంది. చదువుతున్న పిల్లలు మాత్రం ఒక్కొక్క గుర్తునూ తామే కలుపుకుంటూ వెళ్లి, ఆమె నోరు తెరవకముందే విషయం గ్రహిస్తారు. అలా తమంతట తాము పోల్చుకున్న విషయం, పక్క బెంచీలో ఉన్నట్టుండి మూగబోయిన స్నేహితురాలిని చూసినప్పుడు గుర్తుకొచ్చే అవకాశం ఎక్కువ.

ఆ నవలలో ఒక సన్నివేశం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకప్పటి ప్రాణ స్నేహితురాలు రేచల్ ఇప్పుడు ఆ దాడి చేసిన కుర్రాడితోనే, ఆండీ ఇవాన్స్‌తో తిరుగుతోంది. ఆమెను హెచ్చరించాలని మెలిండా లైబ్రరీలో పక్కన కూర్చుంటుంది. అక్కడ మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరూ కాగితం మీద రాసుకుంటారు. పోలీసులను పిలిచింది పార్టీ చెడగొట్టడానికి కాదని, తనపై అత్యాచారం జరిగిందని మెలిండా మొదటిసారి అక్షరాల్లో పెడుతుంది. అది చదివిన రేచల్ కరిగిపోతుంది, ఎవరు చేశారని అడుగుతుంది. మెలిండా పేరు రాస్తుంది. ఆ క్షణంలోనే రేచల్ మారిపోతుంది: నువ్వు అబద్ధాలాడుతున్నావు, నీకు అసూయ అంటూ లేచి వెళ్లిపోతుంది. బాధితురాలి మీద జాలి, నిందితుడి పేరు తెలియనంత వరకే నిలిచింది. మన దేశంలో పోక్సో కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా వాటిలో నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల నివేదికలు ఏటా చెబుతూనే ఉన్నాయి. తెలిసినవాడి పేరు చెబితే వినేవాళ్లు ఎటు మొగ్గుతారన్న భయం ఆ అంకె వెనుక ఉంది. ఆ భయం ఎంత సహేతుకమైనదో రేచల్ లేచి వెళ్లిన తీరు చూసిన పాఠకులకు విడిగా వివరించనక్కరలేదు.

అదే నవలలో అమ్మాయిల బాత్రూమ్ గోడ కూడా ఉంది. దూరంగా ఉండాల్సిన అబ్బాయిలు అంటూ మెలిండా అక్కడ ఆండీ పేరు రాస్తుంది. కొన్నాళ్ల తర్వాత వెళ్లి చూస్తే, ఆ పేరు కింద రకరకాల చేతిరాతల్లో వేరే అమ్మాయిలు తమ మాటలు చేర్చి ఉంటారు. తాను ఒంటరి కాదని ఏ కౌన్సెలర్ చెప్పినా మెలిండా నమ్మేది కాదేమో, ఆ గోడను మాత్రం నమ్మింది.

ఇలాంటి పుస్తకాన్ని పిల్లల చేతుల్లో పెట్టకూడదని వాదించేవాళ్లు అమెరికాలో తక్కువేం లేరు. అక్కడి లైబ్రరీ సంఘం 2020లో అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న పది పుస్తకాల జాబితా ప్రకటిస్తే, అందులో ‘స్పీక్’ నాలుగో స్థానంలో ఉంది. అత్యాచారం ప్రస్తావన ఉందన్న ఫిర్యాదుతో పాటు, అబ్బాయిల పట్ల పక్షపాతం చూపుతోందన్న ఫిర్యాదు కూడా వచ్చింది. ఈ రెండో ఫిర్యాదు నాకు మరీ అన్యాయంగా తోస్తుంది. మెలిండా కథ తెలుసుకోవలసిన అవసరం అమ్మాయిలకు ఎంత ఉందో, ‘ఇందులో అంత బాధపడడానికి ఏముంది’ అనుకునే వయసులో ఉన్న అబ్బాయిలకు అంతకంటే ఎక్కువ ఉంది. సమ్మతి గురించి మాట్లాడడానికి తండ్రులు జంకే ఇళ్లలో పెరిగే కుర్రాడికి ఆ మాట మరెక్కడ వినిపిస్తుంది?

అదే జాబితాలో పదోది ఏంజీ థామస్ నవల ‘ద హేట్ యు గివ్’. 2009 కొత్త సంవత్సరం రోజున ఓక్లాండ్ రైల్వే స్టేషన్లో ఆస్కార్ గ్రాంట్ అనే నల్లజాతి యువకుడిని పోలీసు కాల్చి చంపిన ఘటన మిసిసిపీలో కాలేజీ విద్యార్థినిగా ఉన్న థామస్‌ను కదిలించింది. అప్పుడు రాసిన ఒక కథ పెరిగి 2017లో నవలగా వచ్చింది. పదహారేళ్ల స్టార్ కళ్ల ముందే ఆమె చిన్ననాటి నేస్తం ఖలీల్‌ను పోలీసు కాల్చేస్తాడు. అతని దగ్గర తుపాకీ లేదు, కారులో ఉన్నది తల దువ్వుకునే బ్రష్. పత్రికల్లో అతని గురించి వచ్చే మాట ఒక్కటే, మత్తుమందులు అమ్మేవాడని. అది విని స్టార్ కూడా మొదట ఖలీల్ మీద కోపం తెచ్చుకుంటుంది. ఈ చోటే నవలకు ప్రాణం. మత్తుమందులు అమ్మినవాడి చావుకు ఏడవవచ్చా అనే ప్రశ్నను రచయిత్రి పాఠకుల తరఫున స్టార్ చేతనే వేయించి, ఖలీల్ ఎవరి అప్పు తీర్చడానికి ఆ పనిలోకి దిగాడో నెమ్మదిగా తెలియజేస్తుంది. స్టార్ మేనమామ కూడా పోలీసే కావడంతో, ఎదుటి పక్షాన్ని రాక్షసులుగా చూసే సులువైన దారి కూడా మూసుకుపోతుంది. పోలీసు వ్యతిరేక సందేశం ఉందంటూ అభ్యంతరం చెప్పినవాళ్లు ఆ మేనమామను ఎలా మరచిపోయారో నాకు అర్థం కాదు. తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన హ్యూస్టన్ శివారు కేటీలో, 2017 చివర్లో బడి లైబ్రరీల నుంచి ఈ పుస్తకాన్ని తీసేశారు.

అయితే కష్టమైన విషయాన్ని ఎత్తుకున్న ప్రతి నవలా పిల్లలకు మేలు చేస్తుందని నేను అనను. 2007లో వచ్చిన ‘థర్టీన్ రీజన్స్ వై’లో, ఆత్మహత్య చేసుకున్న అమ్మాయి తన బాధకు కారకులైనవాళ్ల పేర్లన్నీ క్యాసెట్లలో చెప్పి వెళుతుంది. బతికుండగా ఎవరూ వినని ఆమె మాటను చనిపోయాక అందరూ వింటారు. రచయిత ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ కథ కట్టిన తీరే చావుకు ఒక శక్తినిస్తుంది. ఈ నవల ఆధారంగా తీసిన సిరీస్‌లోని ఆత్మహత్య దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ ఆ సిరీస్ విడుదలైన రెండేళ్ల తర్వాత, 2019లో తొలగించవలసి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఇలాంటి చోట ఆ పుస్తకాన్ని ఏ పెద్దవాళ్లూ తోడు లేకుండా పిల్లలకు ఇవ్వడానికి నేను ఒప్పుకోను. నిషేధించమని అనడం లేదు, పక్కన కూర్చుని చదవమంటున్నాను.

మన దగ్గర సమస్య వేరు. తెలుగు పిల్లలు చందమామ కథల వయసు దాటగానే పెద్దల సాహిత్యంలో పడతారు, లేదంటే చదవడమే మానేస్తారు. ఆ నడిమి వయసు కోసం తెలుగులో వచ్చిన నవలలు బహు తక్కువ. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలయ్యే చోట సిలబస్‌లో లేని పుస్తకం చదవడం నేరంతో సమానం. ఇంగ్లిష్ మీడియం పిల్లలు పైన చెప్పినవి ఎలాగో సంపాదించి చదువుకుంటున్నారు కానీ, అమెరికా బడి కారిడార్ మన పిల్లల బతుకు కాదు. రెసిడెన్షియల్ కాలేజీలో వారానికోసారి ర్యాంకుల ప్రకారం సెక్షన్ మారే అబ్బాయి, ఆదివారం వార్డెన్ ఎదుట నిలబడి ఇంటికి ఫోన్ చేసి అంతా బాగానే ఉందని చెప్పే అమ్మాయి, కులం పేరుతో హాస్టల్ గదిలో మాట పడి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేని కుర్రాడు, వీళ్లు తమ గొంతుతో, తమ యాసతో చెప్పే నవలలు రావాలి. రాయగలిగినవాళ్లు మన భాషలో ఉన్నారు. పత్రికలు ఏటా కథల పోటీలు, నవలల పోటీలు పెడుతూనే ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా పదిహేనేళ్ల పాఠకుల కోసం విడిగా పెట్టి, తుది ఎంపికలో ఆ వయసు పిల్లలను కూడా కూర్చోబెట్టాలి.