ఏడాది బడ్జెట్, గంటల మీటరు

విద్యాసంస్థలకు డబ్బు ఏడాదికోసారి మంజూరవుతుంది. సర్వర్ కొంటే ఒకేసారి కట్టేసి ఐదారేళ్లు వాడుకుంటారు, నిధులు లేకపోతే మరో ఏడాది నెట్టుకొస్తారు. క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరే కంపెనీ కంప్యూటర్లను అద్దెకు వాడుకునే పద్ధతిలో, ఆ వెసులుబాటు లేదు. గ్రాంటు ఆలస్యమైన నెలలోనూ బిల్లు వస్తుంది. అసలు చిక్కు ధర కన్నా ఇక్కడే ఎక్కువ.

ల్యాబ్ కోసం క్లౌడ్‌లో 40 వర్చువల్ మెషీన్లు (గంటల లెక్కన అద్దెకు దొరికే కంప్యూటర్లు) తీసుకున్నారనుకుందాం. రోజుకు 3 గంటల చొప్పున 20 రోజుల క్లాసులకు ఒక్కో మెషీన్ 60 గంటలు నడిస్తే చాలు. నెలకు గంటలు దాదాపు 730. క్లాసు అయ్యాక ఆపకుండా వదిలేస్తే బిల్లు 12 రెట్లు అవుతుంది. విద్యార్థులు విండోస్‌లో షట్‌డౌన్ నొక్కి వెళ్లిపోతారు. కానీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో అది చాలదు, దాని పోర్టల్ నుంచి డీఅలొకేట్ చేస్తేనే, అంటే మెషీన్‌ను వదులుకుంటేనే, కంప్యూట్ ఛార్జీ (మెషీన్ నడిపే రుసుము) ఆగుతుంది. అప్పుడు కూడా డిస్కుల అద్దె ఆగదు. ఖర్చు హద్దు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు. అది మెయిల్ పంపుతుందే తప్ప, దానంతట అది మెషీన్లను ఆపదు. అందుకే రాత్రిపూట ఆటోమేటిక్‌గా ఆపే షెడ్యూల్‌ను మొదటి రోజే పెట్టాలి.

ఉచితం మీద ఆధారపడటం ఇంకో ప్రమాదం. విద్యాసంస్థలకు అపరిమిత స్టోరేజీ ఇచ్చిన గూగుల్, 2021లో ఆ విధానం మార్చి, సంస్థ మొత్తానికి 100 టీబీ (టీబీ అంటే సుమారు వెయ్యి జీబీలు) అంది. 20,000 మంది ఉన్న యూనివర్సిటీలో తలకు 5 జీబీ. రికార్డు చేసిన పాఠాలకే అది చాలదు.

డేటా బయటికి తీయడానికీ ఖర్చే. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో, అమెరికాలోని డేటా సెంటర్ల నుంచి తీస్తే ధర జీబీకి సుమారు 9 సెంట్లు, అంటే 10 టీబీకి 900 డాలర్ల దాకా. పెద్ద కంపెనీలు 2024లో ఈ రుసుము ఎత్తేసింది తమను వదిలి వెళ్లే వారికే. రోజువారీ డౌన్‌లోడ్లకు మీటరు తిరుగుతూనే ఉంది.

మూడేళ్లు వాడతామని ముందుగానే ఒప్పుకుంటే ఏడబ్ల్యూఎస్‌లో 72 శాతం దాకా తగ్గింపు దొరుకుతుంది. కానీ ఏడాది నిధులు మాత్రమే చేతిలో ఉన్న సంస్థ మూడేళ్లకు సంతకం ఎలా పెడుతుంది? తగ్గింపు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అందడం లేదు.

కాబట్టి హాజరు, అకౌంట్లు, లైబ్రరీ లాంటి నిలకడైన పనులను సొంత సర్వర్లోనే ఉంచి, ఫలితాలు, అడ్మిషన్ల రోజుల రద్దీని మాత్రం క్లౌడ్‌కు పంపడం మేలు. ప్రతి మెషీన్‌కూ విభాగం పేరుతో ట్యాగ్ ఉండాలి, బిల్లు ఆ విభాగాధిపతి చేతికి నెలనెలా వెళ్లాలి.