పంపు ఆపి పొగలోకి పంపుతారా?

ఉబ్బసం ఉన్న కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంట్లో ముందుగా మాయమయ్యేది ఆమె మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్). ‘ఒట్టి మనిషి కాదు, ఆ మందులు బిడ్డకు పడవు’ అంటూ అత్తో అమ్మో తీసి బీరువాలో పెట్టేస్తారు. కొన్నాళ్లకు రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్ర మొదలవుతాయి. తెల్లారితే ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి వెళ్తాడు. ఆ సూదిలో ఏముందని మాత్రం ఎవరూ అడగరు. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఏళ్ల తరబడి సాగుతున్న ఈ రెండు నాల్కల భయం తల్లుల ప్రాణాల మీదికి తెస్తోంది.

ఆ సూదుల్లో తరచూ ఉండేది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. రెండు మిల్లీలీటర్ల సీసాలో 8 మిల్లీగ్రాములు, అంటే 8,000 మైక్రోగ్రాములు. ఉబ్బసాన్ని అదుపులో ఉంచే స్టెరాయిడ్ బుడెసొనైడ్ పంపు రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున పీల్చితే అంత బరువు మందు కావడానికి 20 రోజులు పడుతుంది. పంపు మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, రక్తంలోకి చేరేది కొద్దిగానే. డెక్సా అలా కాదు. నెలలు నిండకుండా నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడాలని ఆసుపత్రుల్లో తల్లికి ఇచ్చేది ఆ మందునే. మాయ దాటి బిడ్డను చేరుతుంది కాబట్టే ఇస్తారు. అక్కడ డాక్టరు లెక్క చూసి, అవసరం చూసి ఇస్తారు. ఊళ్లో ఆయాసం వచ్చినప్పుడల్లా పొడిచే సూదికి ఏ లెక్క ఉంది? అంతగా చేరని మందుకు భయపడి, చేరే మందుకు డబ్బులిచ్చి మరీ చెయ్యి చాపుతున్నాం.

గర్భిణికి మందులు ఎంత తక్కువైతే అంత మేలనే మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఉబ్బసం విషయంలో ఆ మాట చెల్లదు. తల్లికి ఊపిరాడకపోతే కడుపులో బిడ్డకూ ప్రాణవాయువు తగ్గుతుంది. అదుపులో లేని ఉబ్బసంతో నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ బిడ్డలు, తల్లికి బీపీ బాగా పెరిగే ప్రీఎక్లాంప్సియా జబ్బు వచ్చే ముప్పు పెరుగుతాయి. గర్భిణుల్లో దాదాపు మూడింట ఒకవంతు మందికి ఉబ్బసం ముదురుతుంది, ఒకవంతుకు తగ్గుతుంది, మిగతావారికి మారదు. ఎవరికి ఏమవుతుందో ముందుగా చెప్పలేరు. అందుకే బుడెసొనైడ్ పంపు, ఆయాసాన్ని వెంటనే తగ్గించే సాల్బుటమాల్ పంపు మానొద్దని, నెలనెలా ఊపిరి పరీక్ష చేయించుకోవాలని వైద్యులు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. వినేదెవరు?

ఇంకా బాధ కలిగించేది మరొకటుంది. పంపు లాక్కున్న ఇంట్లోనే ఆమె కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంట చేస్తుంది. కొండపి, కందుకూరు వైపు పొగాకు గ్రేడింగ్ షెడ్లో ఎండిన ఆకు విదిలిస్తే లేచే దుమ్ము కళ్లకే కనబడుతుంది. ఆ దుమ్ములో ఏడో నెల గర్భిణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆకు ఏరుతుంటే ‘బిడ్డకు పడదు’ అన్న పెద్దలకు ఆ మాట గుర్తురాదు. నెల్లూరు రైస్ మిల్లుల ఊక దుమ్మూ అంతే, చీమకుర్తి రాతిపొడీ అంతే. కూలి డబ్బులు కావాలి, నిజమే. అలాంటప్పుడు ఆమెకున్న ఒక్క రక్షణనూ లాక్కోవడమెందుకు?

సర్కారు వారికీ ఇదే మాట. సాల్బుటమాల్, బుడెసొనైడ్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్న మందు పీహెచ్‌సీ అల్మరాలో ఉండాలి కదా. ప్రతి నెలా 9న గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షల్లో బీపీ, రక్తం, బరువు చూసి పంపితే చాలదు. ‘రాత్రి దగ్గుతో లేస్తున్నావా? పంపు వాడుతున్నావా, ఆపేశావా?’ అని ఏఎన్‌ఎం అడగాలి. పీల్చడం ఎలాగో దగ్గరుండి చూపించాలి. ఉబ్బసం సంగతి గర్భిణి పరీక్షల కార్డుపై పెద్దక్షరాలతో ఉండాలి. బీపీకి ఇచ్చే లాబెటలాల్, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపేందుకు వేసే కార్బోప్రోస్ట్ ఉబ్బసం రోగికి ఊపిరి బిగపట్టించగలవు. ఆ సంగతి కాన్పు గదిలో నర్సుకు కార్డు చూడగానే తెలియాలి. ఉదయగిరి మెట్ట నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి చేరేలోపు ఏమైనా జరగొచ్చు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే, పంపు పీల్చినా తగ్గకపోతే ఆర్‌ఎంపీ కోసం కబురు పెట్టి కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

కడుపులో బిడ్డ మీద ప్రేమ ఉందంటున్న పెద్దలారా, బీరువా తాళం తీసి ఆ పంపు ఆమె చేతికివ్వండి. ఆయాసానికి సూదులు పొడిచే ఆర్‌ఎంపీలను వదిలేస్తున్న వైద్యాధికారులు, ఏ గర్భిణికి ఏం ఎక్కించారో ఇప్పుడైనా అడగండి. అడగడానికి మీకు ఇంకో జీవో అక్కర్లేదు.