తయారుచేసినవారు: తెలియదు

మ్యూజియంలో పాత బొంతల ముందు నిలబడితే పక్కనున్న అట్టముక్క మీద తరచూ ఒక మాట కనిపిస్తుంది. "తయారుచేసినవారు: తెలియదు." ఎంత హుందాగా ఉంటుందో! కళ్లు చెదిరే పనితనం ఎదురుగా ఉంటుంది, దాని వెనక మనిషి మాత్రం ఉండదు. చూసేవాడు ఒక నిట్టూర్పు విడిచి పక్క బొంత దగ్గరికి వెళ్లిపోవచ్చు. పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన టెన్షన్ లేదు.

ఇంతటి ఘనమైన సంప్రదాయానికి ఇప్పుడు ముప్పు వచ్చిపడింది. బొంతలు కుట్టేవాళ్లు కొందరు వెనకవైపు మూలలో ఒక గుడ్డముక్క కుట్టి, దానిమీద పేరు, ఊరు, సంవత్సరం రాస్తున్నారు. లేబుల్ అంటున్నారు దాన్ని. చొక్కా కాలరుకుంటే మెడ గీరుకుంటోందని మనం కత్తిరించి పారేసే వస్తువు! రాసి ఊరుకుంటే సర్దుకుపోవచ్చు. బొంత ఉన్నంతకాలం ఆ రాత కూడా ఉండాలని పట్టుబడుతున్నారు. నా అభ్యంతరం అక్కడ.

పెద్దలు మనకు ఏ దారి చూపించారు? లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ట్రిస్టన్ బొంత అని ఒకటుంది. పద్నాలుగో శతాబ్దం చివర్లో సిసిలీలో తయారైంది. మధ్యయుగపు యూరప్ కథల్లోని ట్రిస్టన్ అనే వీరుడి గాథలోని ఘట్టాలను నారగుడ్డ మీద, బొమ్మలు ఉబ్బెత్తుగా లేచేలా లోపల దూది కూరి కుట్టారు. ఏ బొమ్మలో ఏం జరుగుతోందో సిసిలీ వాళ్ల మాటల్లో అక్షరాలు కూడా కుట్టారు. రాజుల కప్పం గొడవ అక్షరాలా ఉంది. సూది పట్టినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అక్షరాలు రానివాళ్లేమీ కాదు, దారం అయిపోయిందనీ అనుకోలేం. అదీ వినయమంటే. ఆరు వందల ఏళ్లు దాటినా పరిశోధకులకు చేతినిండా పని ఉంది.

మా ఇంట్లోనూ ఒక చారిత్రక బొంత ఉంది. దాని మూలన ఉన్న పేలిక మీద ఒకే ఒక్క మాట మిగిలింది. "ప్రేమతో". మిగతాదంతా ఉతుకుల్లో కొట్టుకుపోయింది. ఆ ప్రేమ ఎవరిదన్న విషయం మీద మా మేనత్తకూ పెద్దమ్మకూ ఇరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

"ఆ కుట్టు చూడు వదినా, అచ్చం మా అమ్మ చేతిదే."

"కుట్టు వంకరగా ఉంది కదా వదినా, అయితే మీ అమ్మదే అయ్యుంటుందిలే."

బంధువులంతా ఒకచోట చేరినప్పుడు మాకు వేరే కాలక్షేపం అక్కర్లేదు. రాత నిలిచే సిరాతో ఎవరైనా పేరు రాసి ఉంటే ఈ ఆనందమంతా మాకు దక్కేదా?

కాబట్టి పేరు పోగొట్టుకోవాలనుకునే వినయవంతులకు నా అనుభవం మీద కొన్ని సలహాలు. బాల్‌పెన్నుతో రాయండి, అక్షరం చుట్టూ నూనె మరకలా పాకి కొన్నాళ్లకు ఏ అక్షరమో తేలకుండా పోతుంది. శాశ్వతం అని పేరు పెట్టుకున్న మార్కర్లు ఇంకా మేలు. డబ్బాల మీదా సీసాల మీదా శాశ్వతమేమో గానీ, గుడ్డ మీద వెలుగుకూ ఉతుకుకూ పాలిపోతాయి, కొన్ని అంచుల్లో పచ్చబడతాయి కూడా. లేబుల్‌ను కుట్టకుండా ఇస్త్రీతో అంటుకునే జిగురు మీద వదిలేయండి. అంచులు ఒక్కొక్కటే లేస్తాయి. ఒకరోజు వాషింగ్ మెషీన్ జాలీలో మీ పేరు మీకే దొరుకుతుంది.

అయితే ఈ విద్యలో పాతవాళ్లకు సాటి లేరు. మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసే సిరా ఒకటుండేది. కాగితం మీద శతాబ్దాల పాటు రాజ్యమేలింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ అమెరికాలో స్నేహితులంతా తలా ఒక గుడ్డముక్క మీద సంతకం పెట్టి, ఆ ముక్కలన్నీ కలిపి బొంత చేసే మోజు పుట్టింది. ఊరు విడిచి వెళ్లిపోయేవాళ్లకు అది జ్ఞాపకం. అప్పట్లో సంతకాలకు వాడిన సిరాలు కొన్ని ఈ జాతివే. సిరాలోని ఆమ్లమూ ఇనుమూ కలిసి నూలును తినేస్తాయి. గుడ్డంతా గట్టిగానే ఉంటుంది, సంతకం ఉన్న చోట మాత్రం సంతకం ఆకారంలో చిల్లు. ఇంత పరిపూర్ణమైన మరుపును నేను ఇంకెక్కడా చూడలేదు. పేరు ఉండేదని తెలుస్తుంది, ఏ పేరో తెలియదు!

ఇక అవతలి పక్షం వాళ్ల మొండితనం చూడండి. దగ్గరి నేతగల లేతరంగు నూలుగుడ్డ తీసుకుంటారు. కొత్త గుడ్డకుండే గంజి పోయేదాకా ముందే ఉతుకుతారు. ఫ్రీజర్‌లో పెట్టే వస్తువులు చుట్టే కాగితం ఉంటుంది, ఒక పక్క నున్నటి ప్లాస్టిక్ పూతతో. ఆ పూతవైపు గుడ్డ వెనక పెట్టి ఇస్త్రీ చేస్తే అంటుకుని గుడ్డ అట్టలా నిలబడుతుంది, రాసేటప్పుడు జరగదు, రాశాక పీకేస్తే సరి. పిగ్మెంటు సిరా పెన్ను తప్ప ముట్టరు. మామూలు సిరాలో రంగు నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి నీళ్లతోనే పోతుంది. పిగ్మెంటు రంగు సన్నటి పొడి, పోగుల్ని పట్టుకుని కూర్చుంటుంది. అదీ చాలక ఆరాక పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తారు. దీనికీ తృప్తిపడనివాళ్లు పెన్నునే నమ్మరు. వెనక కుట్టు, కాడ కుట్టు అనే ఎంబ్రాయిడరీ కుట్లతో అక్షరాలే కుట్టేస్తారు. దారం వెలిసినా సూది వేసిన దారి కనిపిస్తుందట.

అన్నిటికన్నా దుర్మార్గమైన పద్ధతి ఇంకొకటి. పైగుడ్డ, నడుమ దూది, అడుగున అస్తరు, ఈ మూడు పొరలూ కలిపి కుట్టకముందే లేబుల్‌ను అస్తరుకు అతికి కుట్టేస్తారు. తర్వాత వేసే కుట్లన్నీ దాని మీదుగా వెళతాయి. ఇక దాన్ని ఊడదీయాలంటే బొంత కుట్లే విప్పాలి. దొంగలకు కూడా అవకాశం లేకుండా చేశారంటే వీళ్ల మనసు ఎంత కఠినమో ఆలోచించండి.

ఏం రాయాలన్న విషయంలో మాత్రం చాలామంది ఇంకా మన పక్షమే. "ప్రేమతో అమ్మ" అని రాసి ఊరుకుంటారు. ఏ అమ్మ? లోకంలో తక్కువ మంది ఉన్నారా? "బుజ్జికి చిన్నమ్మ" అన్నది ఇంకా పకడ్బందీ. ఎనభై ఏళ్ల తర్వాత ఆ బుజ్జి ఆడో మగో తేల్చడానికే ఒక సదస్సు పెట్టాలి. పూర్తి పేరు, ఇంటిపేరు, ఎవరి కోసం కుట్టారో వాళ్ల పేరు, ఊరు, సంవత్సరం రాసేవాళ్లు తగులుతున్నారు గానీ వాళ్లింకా అల్పసంఖ్యాకులే.

బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ అనే ఆవిడ 1886లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ పత్తి ప్రదర్శనలో పెట్టిన, బైబిల్ కథల బొమ్మలున్న బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని కొన్న జెన్నీ స్మిత్ ఊరుకోకుండా, ఏ గడిలో ఏ కథ ఉందో ఆవిడనడిగి రాసిపెట్టింది. ఫలితం? ఆవిడ పేరు మనందరికీ తెలిసిపోయింది. పరిశోధకుల నోటి దగ్గరి ముద్ద లాగేయడం అంటే ఇదే.

ఈ వ్యాసం రాసే అర్హత నాకెలా వచ్చిందో కూడా చెప్పాలి. 2024లో మొదలుపెట్టిన బొంతను మా ఆవిడ 2025లో పూర్తిచేసింది. అక్షరాలు గుండ్రంగా వస్తాయని లేబుల్ బాధ్యత మొదట్లోనే నాకు అప్పగించింది. ఏడాది పైబడిన పనికి ఐదు నిమిషాల్లో నా వంతు ముగించాను. ఆవిడ దాన్ని అస్తరుకు కుట్టి, పైనుంచి చారలు చారలుగా బొంతంతా కుట్టింది. చివరి రోజు, కుట్లు తిన్నగా రావడానికి ముందువైపు గీసుకున్న గీతలు పోవడానికి ఇస్త్రీ చేసింది. గీతలు పోయాయి. తిప్పి చూస్తే లేబుల్ తెల్లగా ఉంది.

"ఏమండీ, దీని మీద దేంతో రాశారు?"

"నీ బల్ల మీదున్న పెన్నుతోనే."

అది గీతలు గీసుకునే పెన్ను. దాని సిరా 60 డిగ్రీలు దాటితే మాయమవుతుంది. చెరిగిపోవడానికే పుట్టిన సిరా! నీళ్లతో పోయే నీలం పెన్నులు ఇంకో రకం. ఉతక్కముందే ఇస్త్రీ తగిలితే పోవలసిన ఆ గీతలు బట్టలోనే ఉండిపోతాయి. అది వాడి ఉన్నా నా రాత నిలిచేదేమో.

ఈ సిరాకు ఇంకో గుణం ఉంది. సున్నాకు పది ఇరవై డిగ్రీలు కిందికి చల్లబడితే మళ్లీ కనిపిస్తుంది. లేబుల్ ఒక్కటే ఊడదీసి ఫ్రీజర్‌లో పెడదామంటే, అది ఊడదు. అందుకని మొత్తం బొంతను పెట్టాం. ఫ్రీజర్ ఖాళీ చేసి, మోకాలితో నొక్కి, తలుపుకు కుర్చీ ఆనించి.

పొద్దున తీస్తే అక్షరాలు వచ్చాయి. వాటితోపాటు ముందువైపు గీతలన్నీ వచ్చాయి, లెక్క తప్పి రెండోసారి గీసుకున్నవాటితో సహా. గీతలు పోవాలంటే ఇస్త్రీ పెట్టాలి. ముందువైపు పెట్టినా వేడి వెనక్కి దిగుతుంది, పేరు మళ్లీ పోతుంది.

మా ఆవిడ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. సూదిలో ఎర్రదారం ఎక్కించి నా గుండ్రటి అక్షరాల మీద వెనక కుట్టు మొదలుపెట్టింది. పేరు అయింది, ఊరు అయింది. సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి నేను తొంగిచూశాను. 2023 అని వేసి ఉన్నాను. ఆవిడ అంకెలు చూడటం లేదు, గీత వెంబడి సూది నడుపుతోంది.

చెప్పలేదు. పరిశోధకులకు కూడా ఏదో ఒకటి మిగలాలి కదా.