ఉడికిన సకినాలు

మా చిన్నాయన కొడుకు మిన్నెసోటాలో పాత ఫామ్‌హౌస్ ఒకటి కొన్నాడు. అక్కడ జనవరిలో చలి మైనస్ 20కి దిగుతుంది. పోయిన దసరాకు వీడియో కాల్‌లో ఇంటి వెనక గుడిసెలాంటి ఇనుప పెట్టెను చూపించాడు. లోపల కట్టెలు మండుతాయట, చుట్టూ నీళ్లట. ఆ వేడినీళ్లు మోటరుతో భూమిలోని పైపుల్లోంచి ఇంట్లోకి పోయి, అర్రలన్నీ వెచ్చజేసి మళ్లీ పెట్టెలోకే వస్తాయట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. గూనపెంకల ఇల్లు. దాన్ని వెచ్చజేయాల్సిన పని ఎవరికీ లేదు, మే నెల ఆ పని చూసుకుంటుంది. కానీ సంక్రాంతికి 18 మందిమి చేరతాం. నీళ్లు కాచడానికి అవ్వ కాగు ఒక్కటే. తెల్లారి నాలుగింటి నుంచే బకెట్లతో లైను. స్నానం చేసే జాలాట్ల నల్లా తిప్పితే వేడినీళ్లు రావాలి, ఇదీ నా ప్లాను.

మూడు రాత్రులు నోటుబుక్కు నిండా బొమ్మలు గీశాను. 200 లీటర్ల డ్రమ్ము. 20 డిగ్రీల నీళ్లను 60కి తేవాలంటే, మూడింట రెండొంతుల వేడి గాలికి పోయినా, ఆరేడు కిలోల ఎండు తుమ్మకట్టె చాలు. వెల్డింగాయన "పైన ఆవిరి పోనీకి బొక్క లేకుంటే బాంబేనన్నా" అంటే బొక్క పెట్టించాను. డ్రమ్ము కిందికి మూడు గుండ్లు కూడా పెరట్లోనే దొరికాయి. నల్లగా, నున్నగా, కావాలని చెక్కించినట్టు.

పైపు దగ్గర మాత్రం కక్కుర్తి పడ్డాను. పొలంలో మిగిలిన పీవీసీ 40 అడుగులు ఊరికే పడి ఉంది. "అన్నా, గిది 60 డిగ్రీలు దాటితే మెత్తగైతది. సీపీవీసీ అయితే 90 దాంక ఆగుతది" అన్నాడు ప్లంబరు పిల్లగాడు. మన లెక్క 60కే కదా అన్నాను. వాడు నా నోటుబుక్కు వంక ఒకసారి చూసి పైపు బిగించి పోయాడు.

భోగికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి బావ దిగాడు. తొలి స్నానం ఆయనదే. నా లెక్కలో లేనివాడు మా చిన్నోడు. భోగిమంటకు దాచిన సర్కారు తుమ్మ మొద్దులన్నీ తెచ్చి డ్రమ్ము కింద తోశాడు. కాసేపటికి బొక్కలోంచి ఆవిరి రైలింజనులా కూసింది. బావ నల్లా తిప్పాడు.

తీగకు కట్టిన పైపు ముందు కొంచెం వంగింది. తర్వాత ఇంకొంచెం. చివరికి పందిరికి పొట్లకాయలా వేలాడి, ఎల్బో దగ్గర టప్పున ఊడింది. సరిగ్గా దాని కింద, అరుగు మీద తెల్లబట్ట పరిచి, అవ్వా చిన్నమ్మా పొద్దున్నుంచి చుట్టిన సకినాలు ఆరుతున్నాయి. వాము వాసన ఒక్కసారి గుప్పుమంది. అంత కమ్మని వాసన ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు, కానీ అది అనాల్సిన సమయం కాదు.

"సకినాలు నూనెల కాలుస్తరురా. నువ్వు ఉడకవెట్టినవు" అంది అవ్వ.

జాలాట్లోంచి బావ, "సబ్బు కళ్లల్ల పడ్డది, నీళ్లేవి?" అని కేక. డ్రమ్ము దగ్గర వాల్వు కట్టేసి, మిగిలిన పైపు ముక్క కింద బకెట్ పెట్టి, వాల్వు మళ్లీ తిప్పి నింపాను. కాలిపోతున్నాయి. సగం చన్నీళ్లు కలిపి, చేతులు మార్చుకుంటూ మోశాను. అంటే నల్లా పెట్టాక కూడా బకెట్టే.

అప్పుడే మిన్నెసోటా నుంచి ఫోన్. వాడికి రాత్రి. "అన్నా, బాయిలర్ స్టార్ట్ అయిందా?" అవ్వ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"బిడ్డా, నీ పెట్టె సంగతి తర్వాత గనీ, రాత్రికి రాత్రి నా పొయ్యి గుండ్లు మూడు మాయమైనయి. నీకేమన్న ఎరుకనా?"

అందరూ డ్రమ్ము కిందికి చూశారు.