దాచిపెడితేనే శాస్త్రం భద్రమా?

పరిశోధకుల మధ్య కొంతకాలంగా ఒక వాదన చేతులు మారుతోంది. పత్రాలను, డేటాను, ప్రోగ్రాములను అందరికీ అందుబాటులో ఉంచాలనే ఓపెన్ సైన్స్ ఆలోచన వినడానికి బాగున్నా, ఆచరణలో శాస్త్రానికే చేటు చేస్తుందన్నది దాని సారాంశం. ముందే బయటపెడితే ఆలోచనలు దొంగిలిస్తారని, పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని ఇతర నిపుణుల సమీక్ష, దాటని పత్రాల వల్ల చెత్త పేరుకుపోతుందని, డేటా ఇస్తే తెలియనివాళ్లు పెడర్థాలు తీస్తారని, చివరికి ఖర్చంతా పరిశోధకుడి నెత్తిన పడుతుందని నాలుగు కారణాలు చెబుతారు. వీటిలో చివరిదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. మిగిలిన మూడూ పరిశీలనకు నిలబడవు.

దొంగతనం భయం కొత్తది కాదు. 1610లో దుర్భిణిలో శనిగ్రహం మూడు గోళాలు కలిసినట్టు కనిపించినప్పుడు, గెలీలియో ఆ సంగతిని అక్షరాలు తారుమారు చేసిన పొడుపుగా రాసి పంపాడు. తనకంటే ముందు చూశామని రేపు ఇంకెవరూ అనకూడదు, అలాగని విషయమూ తెలియకూడదు అన్నది ఆయన జాగ్రత్త. ఆ పొడుపు విప్పబోయిన కెప్లర్, అంగారకుడికి రెండు చందమామలున్నాయని అందులో ఉన్నట్టు పొరబడ్డాడు. 1665లో లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ పత్రిక మొదలయ్యాక ఇలాంటి పొడుపుల అవసరం క్రమంగా తగ్గింది, ఎందుకంటే ఎవరు ముందు చెప్పారన్నదానికి అచ్చులో పడిన తేదీయే సాక్ష్యమైంది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ అనే ప్రిప్రింట్ (సమీక్షకు ముందే బయటపెట్టే పత్రం) భండారం చేస్తున్నదీ అదే పని, పైగా నెలల తరబడి ఆగనక్కరలేకుండా. రష్యన్ గణితజ్ఞుడు పెరెల్మాన్ 2002 నవంబరులో, పాయింకరే ఊహ అనే పేరున్న గణిత సమస్యకు సంబంధించిన తన మొదటి పత్రాన్ని అక్కడే పెట్టాడు, ఏ జర్నల్‌కూ పంపలేదు. ఇతర గణితజ్ఞులు ఆ నిరూపణను ఏళ్ల తరబడి అంగుళం అంగుళం పరీక్షించి సరేనన్నారు. 2006లో గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం ప్రకటించింది ఆయనకే. తీసుకోకపోవడం ఆయన ఇష్టం. తేదీతో సహా బయట ఉన్నదాన్ని దొంగిలించడం కష్టం. ఇంకా ఎక్కడా నమోదు కాకుండా సొరుగులో ఉన్నదాన్ని, లేదా రహస్యంగా సమీక్షకు వెళ్లినదాన్ని కాజేయడమే సులువు. ఏళ్లపాటు శ్రమపడి డేటా సేకరించిన చిన్న బృందాల ఆందోళన మాత్రం న్యాయమైనదే. వారు ముందుగా తమ విశ్లేషణ పూర్తి చేసుకునేలా కొంత గడువు ఇవ్వడం, డేటా వాడుకున్న ప్రతివారూ వారిని ఉదహరించి తీరాలనడం దీనికి మందు. డేటాను శాశ్వతంగా తాళం వేసి ఉంచడం కాదు.

పీర్ రివ్యూ సంగతికి వద్దాం, ఎందుకంటే ఆ వాదనకు అసలు బలం ఇక్కడే ఉందని చాలామంది నమ్ముతారు. 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో, కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద ఒక పత్రం వచ్చింది. 671 ఆసుపత్రుల్లోని 96,032 మంది రోగుల రికార్డులు పరిశీలించామని రచయితలు చెప్పారు. అది సమీక్ష దాటింది, పేరున్న జర్నల్‌లో వచ్చింది, దాన్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగాల్లో ఆ మందు భాగాన్ని తాత్కాలికంగా ఆపింది కూడా. తేడాను పట్టుకున్నది జర్నల్ బయటి పాఠకులు. ఆస్ట్రేలియాలో అప్పటికి అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాల కంటే ఆ పత్రం లెక్కలోని మరణాలే ఎక్కువ! మూల డేటా చూపించమని అడిగితే దాన్ని సమకూర్చిన సంస్థ స్వతంత్ర పరిశీలకులకు ఇవ్వలేదు. జూన్ 4న పత్రం ఉపసంహరించుకున్నారు. సమీక్ష అక్కరలేదని నేను అనను. సమీక్షకుడి ముందు పత్రం మాత్రమే ఉండి, దాని వెనకనున్న అంకెలు లేనప్పుడు, ఆయన చూడగలిగింది వాక్యాలనే అంటున్నాను. ప్రిప్రింట్ అయితే తనను ఇంకా ఎవరూ పరీక్షించలేదని తన నుదుటనే రాసుకుంటుంది.

డేటా తెలియనివాళ్ల చేతిలో పడుతుందన్న మాటకు ఒక ఎక్సెల్ షీట్ జవాబు చెబుతుంది. దేశాల అప్పుకూ వృద్ధికీ ఉన్న సంబంధంపై ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగోఫ్ 2010లో రాసిన పత్రాన్ని, ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలనే పొదుపు విధానాల సమర్థకులు విస్తృతంగా ఉదహరించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న థామస్ హెర్న్‌డన్ ఒక క్లాసు అసైన్‌మెంట్ కోసం ఆ ఫలితాలను మళ్లీ రాబట్టబోయి, ఎంతకూ రాక, రచయితలనే అడిగి వారి షీట్ తెప్పించుకున్నాడు. సగటు తీసే ఫార్ములా 49వ వరుస దాకా వెళ్లవలసింది 44 దగ్గరే ఆగింది. అలా అయిదు దేశాలు లెక్కలోకి రాలేదు. దీనికి తోడు కొన్ని సంవత్సరాలు వదిలేయడం, దేశాలకు ఇచ్చిన ప్రాధాన్యంలో తేడా కలిసి, అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతంగా తేలింది. 2013లో హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు సరిచేసిన లెక్కలో అది 2.2 శాతం. ఇక్కడ “తెలియనివాడు” ఒక విద్యార్థి. ఆ షీట్ మొదటి రోజే పత్రంతోపాటు బయట ఉండి ఉంటే మూడేళ్లు పట్టేది కాదని నా గట్టి నమ్మకం. ఆరేళ్ల కిందట నేనే తయారుచేసిన ఒక పట్టికను ఈమధ్య తెరిచి చూస్తే, “విలువ 2 కొత్త” అన్న నిలువు వరుస దేన్ని కొలిచిందో నాకే తెలియలేదు. ఇంకొకరు చదువుతారన్న ఎరుకతో రాసి ఉంటే ఆ పేరు అలా పెట్టేదాన్ని కాను. రోగుల గోప్యత వేరే ప్రశ్న. అలాంటి డేటాను అనుమతితో మాత్రమే చూపాలన్నదానితో ఓపెన్ సైన్స్‌కు పేచీ లేదు.

ఇక ఖర్చు. ఇక్కడ విమర్శకులు చెప్పేది నిజమే. ఒక్క పత్రాన్ని ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదివేలా, ప్రచురించడానికి నేచర్ జర్నల్ 2020లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. పాఠకుడి గేటు తీసి రచయిత ముందు పెట్టడమే ఇది. నిధులు లేని పరిశోధకుడు అందరివీ చదవగలడు, తనది మాత్రం అచ్చువేయించుకోలేడు. అయితే ఈ రుసుము ఓపెన్ సైన్స్‌లో విడదీయరాని భాగమేమీ కాదు, ప్రచురణకర్తలు ఎంచుకున్న వ్యాపార పద్ధతి. ఆర్కైవ్ రచయితలనూ పాఠకులనూ డబ్బు అడగదు. బ్రెజిల్‌లో 1998లో మొదలైన సైలో అనే ఆన్‌లైన్ వేదిక, ప్రజాధనం ఆసరాతో లాటిన్ అమెరికా జర్నళ్లను పాఠకులకు ఉచితంగా అందిస్తోంది. ప్రోటీన్ల ఆకారాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది, అది కూడా ఉచితమే. 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం తెచ్చిపెట్టిన, ప్రోటీన్ల ఆకారాన్ని అంచనావేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాము, ఆ భండారంలోని నిర్మాణాలను చూసే నేర్చుకుంది. కాబట్టి రుసుముల మీద పోరాడదాం, నేనూ వస్తాను. కానీ ఆ పోరాటం చేయవలసింది బిల్లు పంపేవారితో.